రెండు ఫ్రెంచి కప్పులు

గడ్డిఅన్నారంలో మేం అద్దెకున్న ఇంటి పెద్దమ్మగారు పోయారు. మొన్న పొద్దున ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. మేముండే ఎల్బీనగర్ నుంచి ఆ ఇంటికి ఎంతో దూరం లేదు. అయినా మనసులో కోపం పెట్టుకుని, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు నేను.

మాది తెనాలి వైపు. ఆమెది గడ్డిఅన్నారంలోనే పాత రైతు కుటుంబం. రోజూ నాలుగింటికి "బిడ్డా, చాయ్ పెట్టిన, దిగు" అని కింద నుంచి కేక వేసేవారు. ఆమె మామగారు ఒక నవాబు దేవిడీలో, అంటే పెద్ద బంగళాలో, తోట చూసేవారట. దేవిడీ సామాన్లు అమ్మేస్తున్నప్పుడు బేగంగారు ఆయనకు ఫ్రెంచి పింగాణీ చాయ్ సెట్టు ఇచ్చారట. నేను వచ్చేసరికి అందులో రెండే కప్పులు మిగిలాయి. అంచున సన్నని బంగారు గీత, అడుగున ఆకుపచ్చ ముద్రలో లిమోజ్, ఫ్రాన్స్ అన్న అక్షరాలు.

"పగిలిపోతాయేమోనండీ, నాకు మామూలు కప్పు చాలు" అన్నాను మొదటి రోజు.

"తాగకుంటే గిది కప్పెట్లయితది? అల్మారీల పెట్టి మొక్కాల్నా?" అని నవ్వారు. ఖాళీ కప్పును కిటికీ వైపు ఎత్తి లోపల వేలు పెట్టారు. ఇవతలికి వేలి నీడ కనిపించింది. "ఆడి తెల్లమట్టి అసొంటిదంట. రెండుమార్లు కాలుస్తరంట. మా మామ చెప్పెటోడు." ఆ కప్పుల్ని ఎవరినీ కడగనిచ్చేవారు కాదు. పాత చీరముక్కతో తుడిచి, ప్రతిసారీ అలా వేలు పెట్టి చూసుకునేవారు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ర్యాలీలు, బంద్‌లు. మావాళ్లంతా ఇళ్లలో గుసగుసలాడేవారు. ఆమె మాత్రం నా ఎదుటే అనేశారు: "మా రాష్ట్రం మాకు గావాలె బిడ్డా. గట్లని నిన్ను పొమ్మంటనా?"

వారం తిరక్కుండా నాకు స్టీలు గ్లాసులో చాయ్ వచ్చింది. మర్నాడూ అంతే. ఒళ్లు మండిపోయింది. ఎందుకని అడగొచ్చు కదా? అడగలేదు. అదే నా తెగులు. నెలలోపే ఇల్లు ఖాళీ చేశాం. సామాన్లు ఎక్కిస్తుంటే ఆమె దగ్గరికొచ్చి "నా మీద కోపమా బిడ్డా?" అన్నారు. "అబ్బే, ఏం లేదండీ" అని ముఖం తిప్పుకున్నాను.

నిన్న వెళ్లాను. కోడలు అల్మారీ తెరిచి చీరముక్కలో చుట్టిన చిన్న మూట విప్పింది. లోపల పింగాణీ పెంకులు.

"మీ పాప చేతులకెల్లి జారిందక్కా. నీకు కోపమెక్కువ, పిల్లను కొడ్తవని అత్తమ్మ నాతోని ఒట్టు పెట్టించుకున్నది."

అప్పటికి మా పాపకు నాలుగేళ్లు.

"మరి రెండో కప్పు?"

"ఒక్కటే తీస్తె రెండోదేదని అడుగుతవు గదా. నీకు స్టీలు గ్లాసుల పోసి, ఆమె అండ్ల ఎట్ల తాగుతదక్కా? ఆమె గూడ స్టీలు గ్లాసుల్నే తాగింది. గానాటి సంది గా కప్పు ముట్టనే లేదు."

ఎదురుగా కూర్చున్న మనిషి చేతిలో ఏముందో నేను చూడనే లేదు. నా గ్లాసొక్కటే చూసుకున్నాను. క్షమించమని అడగడానికి ఇప్పుడు ఆమె లేరు.

అల్మారీలో మిగిలిన కప్పు చేతిలోకి తీసుకున్నాను. బంగారు గీత మీద దుమ్ము పేరుకుంది. కొంగుతో తుడిచి, కిటికీ వెలుగుకు ఎత్తి, ఆమెలాగే లోపల వేలు పెట్టాను. ఇవతలికి నా వేలి నీడ కనిపించింది.