నాన్న కోటు తొడుక్కున్న రోజు

సహోదరులారా, దేవుణ్ణి స్తుతించే ముందు మీ అందరి ఎదుట ఒక మాట ఒప్పుకోవాలి. ఈ చేత్తో నేను నా కన్నతండ్రిని కొట్టాను.

మా నాన్న గూడ్స్ రైళ్లలో గార్డుగా చేసి రిటైరయ్యాడు, మెట్టుగూడలో నా దగ్గరే ఉంటాడు. అమ్మ ప్రభువు సన్నిధికి వెళ్లాక ఆయనకు డిమెన్షియా వచ్చింది, ముందు మా పేర్లు మరిచాడు, తర్వాత ఇల్లు మరిచాడు, డ్యూటీ మాత్రం మరవలేదు! తెల్లారితే చాలు, పాత తెల్లకోటు తొడుక్కుని, పచ్చజెండా చంకలో పెట్టుకుని, "లేటయితుంది, తలుపు తియ్" అని గొడవ. "నీకు డ్యూటీ లేదు, ఏం లేదు, కూసో!" అని నేను అరిచేదాన్ని, అరిచినకొద్దీ ఆయన తలుపు బాదేవాడు, ఒకరోజు నా చెయ్యి లేచింది, తర్వాత అలవాటైపోయింది. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా తొడిగి చర్చికి తీసుకొచ్చేదాన్ని, తండ్రిని ఎంత బాగా చూసుకుంటున్నావమ్మా అని మీరంటే సిగ్గు లేకుండా తల ఊపేదాన్ని. "ప్రభువా, నాన్నకు మతి ఇయ్యి, లేదంటే నీ దగ్గరికి తీస్కపో" అని నా ప్రార్థన.

అప్పుడే మన స్త్రీల సమాజం వాళ్లు పెద్దవాళ్ల సంరక్షణ మీద స్కిట్ వేయాలనుకున్నారు. మగవేషాలు కూడా మనమే కట్టుకుంటాం కదా, పాస్టరమ్మగారు నన్ను పిలిచి, "మీ నాయన తీరు నీకెర్కనే గద, ముసలాయన వేషం నువ్వే కట్టు" అన్నారు. ఆ రోజు ఇక్కడ లేనివాళ్ల కోసం చెబుతున్నాను. నాన్న కోటే తొడుక్కున్నాను, ఆయన పచ్చజెండా పట్టుకున్నాను, మీసం అంటించుకున్నాను. కూతురి వేషంలో ఉన్న పాస్టరమ్మగారు నా జెండా లాక్కుని, కూర్చోమని అరిచి చెయ్యెత్తారు. నాటకమని తెలుసు, అయినా నా ఒళ్లంతా ముడుచుకుపోయింది! రోజూ మా నాన్న పడేది ఈ భయమేనా అనుకున్నాను.

ఇంతలో ముందు వరుసలో ఉన్న నాన్న లేచి స్టేజీ ఎక్కాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో తనలాంటి గార్డు అనుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు. "భయపడకు తమ్మీ. నా బిడ్డ సుత కొడ్తది. మంచిదే పాపం, అలసిపోతది" అన్నాడు.

మైకులో అందరూ విన్నారు. నేను మీసం పీకేసి అక్కడే మోకాళ్లూని ఏడ్చాను. "ప్రభువా, బాగుచేయాల్సింది నాన్నను కాదు, నన్ను!"

ఆ రోజు నుంచి ఈ చెయ్యి లేవలేదు, దేవునికే మహిమ! ఇప్పుడు పొద్దున్నే నేనే తలుపు తీస్తాను, ఇద్దరం గల్లీ చివరిదాకా వెళ్తాం, ఆయన పచ్చజెండా ఊపుతాడు, తిరిగొచ్చి టిఫిన్ తింటాడు. జబ్బు తగ్గలేదు, తగ్గదని డాక్టర్లు చెప్పారు.

మొన్న అన్నం తినిపిస్తుంటే, "నువ్వెవరమ్మా?" అని అడిగాడు. నీ బిడ్డను నాన్నా అన్నాను.

"కాదు. నా బిడ్డ కొడ్తది" అన్నాడు.

సహోదరులారా, దేవుడు నన్ను క్షమించాడు, ఆయనకు వేల వందనాలు. నాన్నకు మాత్రం నా గురించి అదొక్కటే గుర్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, మీ చెయ్యి కూడా అలా లేస్తుంటే, ఈ రోజే ప్రభువు దగ్గరికి రండి, ఆయన మారుస్తాడు. మీ వాళ్లు మిమ్మల్ని ఇంకా గుర్తుపడుతుండగానే రండి.