బావిలో జెల్ల

మా చిన్నప్పుడు... అమీర్‌పేటలో మా గల్లీ మొత్తానికి ఒకటే చేదబావి. అందులో ఒక జెల్ల చేప ఉండేది. పొద్దున్నే నాలుగు మెతుకులు వేస్తే అది పైకొచ్చి తినాలి. అప్పుడే నీళ్ళు మంచివని నమ్మి బొక్కెన దించేవాళ్ళు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్న తను నేసిన చీరలిచ్చి రావడానికి బేగంపేటలో ఒక బంగళాకు వెళ్తూ నన్నూ తీసుకెళ్ళాడు. అక్కడ అద్దాల పెట్టెలో చేపలు! ఆ పిచ్చి నన్ను వదల్లేదు...

ఒక మధ్యాహ్నం నీళ్ళు తోడుతుంటే జెల్ల బొక్కెనలోకే వచ్చింది. దాని ముల్లు గుచ్చుకుంటే ఎంత నొప్పో తెలుసు కాబట్టి ముట్టుకోకుండా నీళ్ళతో సహా గాజు సీసాలోకి వంచేశాను. నూలు గంపల వెనక దాచాను. పొడుగాటి మీసాలతో అద్దాన్ని తడుముతుంటే ఎంత ముద్దొచ్చిందో...

తెల్లారి మెతుకులు అలాగే తేలాయి. పక్కింటి అమీనా ఖాలా బావి గట్టు మీద కాపలాగా అడ్డంగా కూర్చుంది.

"చేప లేదు. నీళ్ళల్ల ఏదో కలిసింది. జర ఎవ్వరు ముట్టకండ్రి."

ఇక ఆడవాళ్ళంతా పంజాగుట్ట బావికి నడక. మండుటెండ. మా అమ్మకు ఏడో నెల... అయినా నెత్తిన బిందె, చంకలో ఇంకోటి. చెబితే గల్లీ అంతా తిడుతుందని భయపడి, నేను చిన్న చెంబు పట్టుకుని నోరు మూసుకుని వెనకే నడిచాను.

మూడో రోజు దారి మధ్యలో అమ్మ బిందెలు దించి రాయి మీద కూలబడింది.

"ఇగ నాతోని గాదు బిడ్డా..."

ఏడుస్తూ అంతా చెప్పేశాను. అమ్మ కొట్టలేదు. వాచిన పాదాలు ఒత్తుకుంటూ అడిగింది.

"మూడు దినాల సంది నా ఎనుకనే నడుస్తున్నవు గదనే... చూసుకుంట ఎట్లున్నవే?"

ఇంటికెళ్ళగానే ఖాలా నమాజుకు లేచిన సందు చూసి జెల్లను బావిలో వదిలాను. మర్నాడు అది మెతుకు అందుకుంటే ఖాలా సంబరం చూడాలి! అమ్మ మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. నన్నూ మళ్ళీ అడగలేదు.

ఆ బావి మీద ఇప్పుడు అపార్ట్‌మెంట్ లేచింది. నీళ్ళు డబ్బాల్లో వస్తున్నాయి... మంచివో కావో ఏ చేపనడగాలి? ఇది టైపు చేస్తున్న మా మనవరాలి ఇంట్లో అక్వేరియం ఉంది. అందులో మీసాల చేప అద్దాన్ని తడుముతుంటే అందరూ ముచ్చటపడతారు. నాకు మాత్రం అమ్మ పాదాలే కనబడతాయి. అలసటగా ఉంటుంది...

మీ అమ్మకు మీరూ ఇలా ఆలస్యంగా చెప్పుకున్న తప్పేమైనా ఉందా? ఉంటే ఇక్కడ రాయండి... చదువుతాను.