చెయ్యెత్తనివాళ్ళ డబ్బా

నా చిన్నప్పుడు, డెబ్బైల నడుమ, మేమున్న ఊళ్ళో ఒక ఆర్ట్ గ్యాలరీ ఉండేదంటే మా పిల్లలు మర్యాదకు తల ఊపుతారు. ఆ ఊరు ఒమాన్ తీరంలోని సహం అనీ, ఆ గ్యాలరీ ఒక పాత ఎండుచేపల కొట్టులో నడిచేదనీ చెప్పాక ఆ మర్యాద కూడా మానేస్తారు. వాళ్ళ తప్పేం లేదు. దాని చరిత్ర ఎవరూ రాసిపెట్టలేదు. రాయదగ్గ చరిత్ర దానికి ఉందని నడిపినవాళ్ళే అనుకోలేదు.

మా నాన్న రోడ్లు వేసే కంపెనీలో స్టోర్‌కీపరు. మా అమ్మ ఊరి ఆసుపత్రిలో నర్సు. పక్కింట్లో ఉండే నర్సుది రాజమండ్రి. మా అమ్మను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పిన్ని. ఆమెకు బొమ్మలు వేసే పిచ్చి ఉండేది. అలాంటి పిచ్చే ఉన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకో పదిమంది దాకా తేలారు. దుకాణాల బోర్డులు రాసే పెయింటరు మామది జగిత్యాల వైపు. కేరళ నుంచి వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయనకు అందంగా మీటింగులు పెట్టడం తెలుసు, అందుకని ఆయన్ని సెక్రటరీని చేశారు. సముద్రం ఒడ్డున ఖాళీగా పడి ఉన్న కొట్టు ఒక ఒమానీ ముసలాయనది. ఆయన అద్దె వద్దన్నాడు, నన్నూ మెంబర్ని చేసుకోండి చాలన్నాడు. జీవితంలో ఆయన కుంచె పట్టి ఎరగడు. మా నాన్నా ఎరగడు. కానీ సైట్‌లో పనికిరాని ప్లైవుడ్ ముక్కలూ, అడుగున కాస్త మిగిలిన రంగు డబ్బాలూ నాన్న చేతి మీదుగానే వచ్చేవి. ఆయన్ని మెంబర్ని చేసుకోకపోతే మిగతావాళ్ళు ఇసకలో వేలితో గీసుకోవలసి వచ్చేది.

గ్యాలరీకి యజమాని లేడు. తుడవడం, కాపలా కాయడం, చూడవచ్చినవాళ్ళకు చాయ్ పోయడం, అన్నీ వంతులవారీగా చేసుకునేవారు. మూడో పని పెద్దగా ఉండేది కాదు. పెయింటరు మామ ఏది వేసినా, అది పడవైనా మేకైనా, కిరాణా కొట్టు పేరుకు వేసినట్టు కింద నల్లటి నీడ వేసేవాడు. పిన్ని గోదావరి రేవులు తప్ప వేసేది కాదు. ఎదురుగా ఉన్న సముద్రం తనకు ఏదో అపకారం చేసినట్టు దానికి వీపు పెట్టి కూర్చునేది. బొమ్మలన్నిటికీ చేపల వాసన పట్టింది.

అందరికీ కలిపి రూలు ఒక్కటే. కొత్త బొమ్మ గోడకెక్కాలంటే శుక్రవారం మీటింగులో ప్రతి ఒక్కరూ చెయ్యెత్తాలి. ఎవరైనా ఎత్తకపోతే, ఆ బొమ్మ బాగుపడేదాకా వాళ్ళు ప్రతి శుక్రవారం వచ్చి వేసినవాళ్ళ పక్కన కూర్చోవాలి. అందుకోసమే ఒక మూల పెద్ద రంగు డబ్బా బోర్లించి ఉండేది. వారానికి దొరికేది ఒక్క సెలవు. బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి ఉత్తరం రాసుకోవాలి, నిద్రపోవాలి. ఆ డబ్బా మీద కూర్చునే సరదా ఎవరికీ లేదు. కాబట్టి మా గ్యాలరీలో బాగోలేని బొమ్మ అంటూ ఎన్నడూ లేదు.

ఆ ఏడాది మా అమ్మకు జ్వరం వచ్చింది. మస్కట్ ఆసుపత్రికి తీసుకెళ్ళిన జీపు కొన్నాళ్ళకు నాన్నను ఒక్కడినే తీసుకొచ్చింది. ఆ తర్వాత మా ఇంట్లో అమ్మ మాట రాలేదు. నాన్న ఆమె బట్టలు పెట్టెలో సర్ది, పెట్టెను మంచం కిందకి తోసి, డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఎండలు ముదరగానే నన్ను అమ్మమ్మ దగ్గరికి పంపేస్తానన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నేను విమానం ఎక్కేలోపు అమ్మ బొమ్మ ఆ కొట్టు గోడ మీద ఉండాలని పట్టుపట్టాను. ఇంట్లోంచి ఆమెను తీసేశారు, ఊళ్ళోంచి నన్ను తీసేస్తున్నారు. ఎక్కడో ఒకచోట ఒకరమైనా మిగలాలి కదా.

అమ్మ ఫొటో దగ్గర పెట్టుకుని, గళ్ళు గీసుకుని, చూసి వేశాను. చుట్టూ మందారాలు కూడా పెట్టాను. మీటింగులో దాన్ని నిలబెట్టగానే అందరికంటే ముందు లేచిన చెయ్యి మా నాన్నది. ఆయన బొమ్మ వైపు చూడలేదు. ముసలాయన రెండు చేతులూ ఎత్తి, "మిస్కీన్, మిస్కీన్" అని నా మీద జాలిపడ్డాడు. చేతులన్నీ లేచాయి. పిన్ని చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి.

"అక్కా, గింత పోరి. జర చెయ్యి లేపరాదు," అన్నాడు పెయింటరు మామ.

"నా చెయ్యికేం, బాగానే ఉంది తమ్ముడూ. బొమ్మే బాలేదు."

మా అమ్మ ప్రాణంగా చూసుకున్న మనిషి అలా అంది. ఆ వారమంతా ఆమె మా గుమ్మంలో పెట్టిన కూర నేను ముట్టుకోలేదు. నాన్న తిన్నాడు. బాగుందని కూడా అన్నాడు, అదింకా బాధ.

శుక్రవారం నేను వెళ్ళేసరికే ఆమె డబ్బా మీద కూర్చుని ఉంది. రాత్రి డ్యూటీ చేసి, యూనిఫాం కూడా మార్చుకోకుండా నేరుగా వచ్చింది.

"నువ్వేసింది మీ అమ్మని కాదే. పాస్‌పోర్టుని," అంది. "వాళ్ళంతా నీ మొహం చూసి చేతులెత్తారు. ఆవిడ మొహం ఎవడైనా చూశాడా?"

నేను ఏడ్చాను. ఓదారుస్తుందేమోనని కాస్త గట్టిగానే ఏడ్చాను. ఆమె కదల్లేదు. అయ్యేదాకా ఆగి, "ఇక రంగు కలుపు, ఎండిపోతోంది," అంది.

అలా శుక్రవారాలు గడిచాయి. కుంచె ఎలా పట్టాలో ఆమె ఎన్నడూ చెప్పలేదు. అడిగిందే అడిగేది. డ్యూటీ నుంచి రాగానే మీ అమ్మ ఏం చేసేదే? వంట చేసేదన్నాను. "అంతకంటే ముందు?" నన్ను ఎత్తుకునేదన్నాను. "అబద్ధాలాడకు. నువ్వు గాడిదంత ఉన్నావు." ఎన్నిసార్లడిగినా ఇంకా ముందు, ఇంకా ముందు అనేది. అడుగుతూ అడుగుతూనే కళ్ళు మూతలుపడి, కూర్చునే కునుకు తీసేది. నేను చూస్తూ ఉండేదాన్ని. ఒకరోజు అలా నిద్రపోతున్న ఆమె కాళ్ళకున్న తెల్ల బూట్లూ, వాటి అంచున ఇసకా కనిపించాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఆసుపత్రి నుంచి ఒడ్డు వెంట నడిచి వచ్చి, అమ్మ లోపలికి రాకుండా గుమ్మంలో కూర్చునేది. మాకు వీపు పెట్టి, ఒక బూటు విప్పి, తలకిందులు చేసి ఇసక దులిపేది. ఆ కాసేపు ఎవరు పిలిచినా పలికేది కాదు. రోజు మొత్తంలో ఆమె ఎవరికీ ఏమీ కాని సమయం అదొక్కటే.

ఆ వీపే వేశాను. ఒక కాలికి బూటు, ఒక కాలు ఖాళీ, చేతిలో బోర్లించిన బూటు. మొహం లేదు.

ఆ లోపు, కూల్చేయాలన్న గుర్తుగా, కొట్టు గోడకు ఎర్ర గీత పడింది. ఒడ్డు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పని మా నాన్న కంపెనీదే. ఆ ఎర్ర రంగూ ఆయన స్టోరుదే. పెయింటరు మామ తన బొమ్మలు అప్పటికే దుప్పట్లో మూటకట్టాడు. బురైమిలో బోర్డుల పని ఉందట. సగం ఖాళీ అయిన గోడల మధ్య నా బొమ్మకు చివరి మీటింగు జరిగింది.

ఈసారి ముందు లేచిన చెయ్యి పిన్నిది. ఆమె బొమ్మనే చూస్తోంది. ఒక్కొక్కరే చూసి, నెమ్మదిగా ఎత్తారు. ముసలాయన ఈసారి ఒక్క చెయ్యే ఎత్తాడు. మా నాన్న కూడా ఈసారి చూశాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి ఎత్తకుండానే లేచి బయటికి వెళ్ళిపోయాడు.

పడిపోబోయే గోడకు రూలేమిటని ఎవరైనా అనవచ్చు. ఎవరూ అనలేదు. సెక్రటరీ, బొమ్మ పాస్ కాలేదని చిన్నగా చెప్పాడు.

మర్నాడే నేను విమానం ఎక్కాలనగా వచ్చిన శుక్రవారం, నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ఆ డబ్బా మీద కూర్చున్నాడు. ఆయన్ని అంత కిందన నేను ఎప్పుడూ చూడలేదు. నేను కుంచె పట్టుకుని ఊరికే నిలబడ్డాను. బయట యంత్రం చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

"ఎడమది ముందు విప్పేది," అన్నాడు.

బొమ్మలో నేను ఖాళీగా వేసింది కుడికాలు.

"ఎందుకో తెలీదు. అడగలేదు. ఎప్పుడూ ఎడమదే."

ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఆయన అమ్మ గురించి మాట్లాడాడు. పెద్ద సంగతులేం కావు. ఇసక ఎక్కడ దులిపేది, దులిపాక ఏం గొణిగేది, అలాంటివి. వింటూ నేను కుడికాలికి బూటు తొడిగి, ఎడమకాలి బూటు మీద చామనచాయ రంగు పూశాను.

మరుసటి మీటింగు జరగలేదు. జరగడానికి కొట్టు లేదు. ఆ బొమ్మను నాన్న సెలవుకు వచ్చినప్పుడు చాపలో చుట్టి తెచ్చాడు. పిన్ని మరో దేశంలో ఉద్యోగానికి వెళ్ళిందన్నాడు. మిగతావాళ్ళ సంగతి ఆయనకూ తెలియదు.

చామనచాయ పలచగా పూశానేమో, ఏళ్ళు గడిచేకొద్దీ కింది తెలుపు పైకి తేలింది. ఇప్పుడా బొమ్మలో మా అమ్మకు మూడు బూట్లు. పాస్ కాని బొమ్మ కాబట్టి గోడకు తగిలించలేదు. నేలమీదే ఆనించి ఉంచాను. నేను చాలాకాలం కాలేజీలో పాఠాలు చెప్పాను. ఎవరిదైనా బాగాలేదని చెప్పబోయే ముందు, పక్కన కుర్చీ వేసుకు కూర్చునే ఓపిక నాకుందా అని చూసుకునేదాన్ని. లేని రోజున మెచ్చుకుని పంపేసేదాన్ని. చాలామందినే మెచ్చుకున్నాను.

నాన్న చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉన్నాడు. సాయంత్రాలు ఆ బొమ్మ ముందు కుర్చీ వేయించుకునేవాడు. ఇప్పుడైనా చెయ్యెత్తుతాడేమోనని నేను వంటింట్లోంచి చూసేదాన్ని. ఎత్తలేదు. ఎత్తితే ఇక లేచి వెళ్ళిపోవాలి కదా.

ఆ కుర్చీ అక్కడే ఉంది. ఈమధ్య సాయంత్రాలు అందులో నేను కూర్చుంటున్నాను. చెయ్యెత్తే ఉద్దేశం నాకూ లేదు.