కొంగులో తూనీగలు

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. వందనకు అక్కడే కొలువు. ఫిల్మ్‌నగర్ బస్తీలోని రేకుల ఇంట్లో ఆమె తల్లి భూలక్ష్మి మాత్రం, ఎండాకాలంలో మొగుడు పోయినప్పటి నుంచి గడప దాటలేదు. సినిమా సెట్లకు రంగులు వేసే మనిషి, వెంకటనర్సయ్య. ఆయన పోయాక కూరలో ఉప్పు వేసిందీ లేనిదీ ఆమెకు గుర్తుండదు. రెండోసారి వేస్తుంది.

వందన ఆఫీసువాళ్లు జూబ్లీహిల్స్ పార్కులో సీతాకోకచిలుకల్నీ తూనీగల్నీ లెక్కపెట్టే నడక పెట్టుకున్నారు. ఇంటివాళ్లనూ తీసుకురమ్మన్నారు.

"జర గాలి తగుల్తది, దా అమ్మా" అని వందన లాక్కొచ్చింది. "నువ్వు తూనీగలు చూడు. గని చూసినదాన్నే మల్ల లెక్కపెట్టకు. మా మేడం ముంగట నా ఇజ్జత్ పోతది."

ఆ మాట భూలక్ష్మి గుండెలో పడింది.

వానలు వెనకబట్టిన పొద్దు. గునుగు పూలు తెల్లగా తలలెత్తాయి. రంగు వేళ్లకంటుతుందని సీతాకోకచిలుకల జోలికి ఆమె పోలేదు. మంచుకు తడిసిన తూనీగలు గడ్డిపోచల్ని పట్టుకుని కదలకుండా ఉన్నాయి. ఇందాక చూసింది ఇదేనా, ఇంకోటా? ఉప్పు సంగతి మతికొచ్చి భయం వేసింది. ఏటేటా బతుకమ్మకు పూలు కోసి ఒడిలో వేసుకున్న చెయ్యి, తనంతట తానే ముందుకు పోయింది. ఒక్కోదాన్నీ పువ్వు తెంపినట్టే తీసి, కొంగులో వేసి ముడి బిగించింది. ఇక లెక్క తప్పదు.

ఎండెక్కాక అందరూ చెట్టు కింద చేరారు. వందన పై ఆఫీసరు అరుణజ్యోతి, "మీకెన్ని కనిపించాయండీ?" అని అడిగింది.

భూలక్ష్మి సంబరంగా కొంగు విప్పింది.

రెక్కలు విరిగి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఒక్కటి మాత్రం కాళ్లాడిస్తోంది.

"ఫ్రై చేద్దామనా ఆంటీ?" అన్నాడు వందన పక్క సీటు రోషన్. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. అరుణజ్యోతి నవ్వలేదు. "ఎవరి అమ్మగారండీ ఈవిడ?" అంది మెల్లగా.

వందన తన చెప్పుల వైపే చూస్తోంది.

భూలక్ష్మికి తల తీసేసినట్టయింది. "నేను ఎవ్వరితోని రాలే మేడం. పార్కు చూద్దామని ఒక్కదాన్నే వచ్చిన."

ఆ అబద్ధం వినేసరికి వందన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా అమ్మనే, మేడం. రెండుసార్లు లెక్కపెట్టొద్దని నేనే చెప్పిన" అంటూ వచ్చి కొంగు పట్టుకుంది.

భూలక్ష్మి కొంగు మెల్లగా గుంజుకుంది. బతికున్నదాన్ని ఆకు మీద పెట్టింది. పట్టు చిక్కక జారింది. మళ్లీ పెట్టింది.

"పోదాం దా, అమ్మా" అని వందన భుజం మీద చెయ్యేసింది. తలెత్తి బిడ్డను చూడటానికి భూలక్ష్మికి ముఖం చెల్లలేదు.