ప్రార్థన జాబితాలో లేని పేరు

1969 వేసవి. మొయినాబాద్ దగ్గర మా క్రైస్తవ సంఘం నడిపే చిన్న దవాఖానాలో నేను నర్సును. ఆరు పడకలు, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరమ్మ, మిగతా రోజుల్లో అన్నింటికీ నేనే. ఆంధ్రా ఉద్యోగులు వెళ్లిపోవాలంటూ తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతోంది. బస్సు ఏ రోజు నడుస్తుందో ఎవరూ చెప్పలేకపోయేవారు.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఉదయం తలుపులు తెరిచే ముందు సంఘ పెద్ద యాకోబు బాపు వరండాలో నిలబడి, పడకల మీద ఉన్నవాళ్లందరి పేర్లూ చదివి ప్రార్థన చేసేవారు. ఏ కులం, ఏ మతం అని చూసేది లేదు. ఆ జాబితా రాసిచ్చేది నేను.

ఆ వారం చేవెళ్లలో పనిచేసే ఆంధ్రా గుమాస్తా తన భార్య సుభద్రను తెచ్చి చేర్చాడు. నెలలు నిండాయి, కాళ్లకు వాపు. చివరి గదిలో పడక ఇచ్చాను గానీ పేరు జాబితాలో రాయలేదు. బాపు కొడుకు ఉద్యమంలో పట్టుబడి జైల్లో ఉన్నాడు. పెద్దాయన మనసు ఎందుకు నొప్పించడం అనుకున్నాను. అదే గొప్ప తెలివనుకున్నాను కూడా. సుభద్ర మాత్రం రోజూ అడిగేది.

"నన్ను పంపించెయ్యరు కదా సిస్టర్?"

మూడో రోజు తెల్లవారాక కాన్పయింది. ఆడపిల్ల. బయట బాపు పేర్లు చదువుతుంటే లోపల పాప ఏడ్చింది. అరగంట దాటినా మాయ పడలేదు. దీన్ని రిటెయిన్డ్ ప్లాసెంటా అంటారు. రక్తం ఆగదు, ఆలస్యమైతే తల్లి దక్కదు. పట్నం తీసుకుపోవాలి. ఆ రోజు బంద్. దవాఖానా వ్యాను తీయడానికి డ్రైవరు భయపడ్డాడు.

బాపు గుమ్మం దగ్గరికి వచ్చారు. "ఎవరామె?"

చెప్పాను.

"పేరు ఎందుకు రాయలే?"

"మీకు కోపమొస్తదని, బాపు."

"కోపమున్నది. నా కొడుకు జైల్ల ఉన్నడు, ఎందుకుండదు? నా కోపం జూసి దేవుని ముంగట ఆమె పేరు దాస్తవా బిడ్డా?"

ఆయన వెళ్లి డ్రైవరు పక్కన కూర్చున్నారు. సుభద్రనూ పాపనూ ఎక్కించి నేను వెనక కూర్చున్నాను.

దారిలో కుర్రవాళ్లు రాళ్లు అడ్డం పెట్టి ఆపారు. బాపును గుర్తుపట్టి, లోపల ఎవరని అడిగారు. అబద్ధమాడతారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

"ఆంధ్రామె. పానం మీదికొచ్చింది," అన్నారు బాపు. "మావోడు యాడున్నడో మీకెరికే. జర తొవ్వ ఇయ్యుండ్రి."

వాళ్లే రాళ్లు పక్కకు జరిపారు. పట్నం దవాఖానాలో మాయ తీశారు, రక్తం ఎక్కించారు. సుభద్ర బతికింది.

మరునాడు, సుభద్ర ఇంకా పట్నంలోనే ఉన్నా, జాబితాలో ఆమె పేరు మొదట రాశాను. బాపు కాగితం అందుకుని చూసి, "కింద మావోని పేరు గూడ రాయి," అన్నారు. కొడుకు పేరు అంతవరకూ ఆయన ఎన్నడూ రాయించలేదు. ఆ రెండు పేర్లూ కలిపి చదివి ప్రార్థన చేశారు.

తర్వాత చాలా ఏళ్లు పనిచేశాను. ఎవరు ఏమనుకుంటారోనని ఏ రోగి పేరూ మళ్లీ దాచలేదు.