అల్ రువైస్‌లో వైకింగ్ రాజును పట్టిన శుక్రవారం

ఖతార్‌లో ఆయిల్, గ్యాస్ పనులు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. ఫోర్‌మన్‌గా పనిచేసే మా అబ్బాయి గంగాధర్ నన్ను విజిట్ వీసా మీద పిలిపించుకున్నాడు. వాడి పై ఇంజనీరు యెన్స్ గారిది డెన్మార్క్. పూర్వం అక్కడి సముద్ర యోధులు వైకింగులు ఆడిన ఆటను ఆయన సైటులో అందరికీ నేర్పారు. ఉద్యోగం ముగించుకుని వెళ్లిపోతూ, తనను ఓడించినవాళ్లకు తాను చెక్కిన ఆట బోర్డు ఇచ్చేస్తానన్నారు. మావాడు అయిదు శుక్రవారాలు వరుసగా ఓడిపోయాడు. ఇదే ఆఖరి శుక్రవారం. నేను చూడకుండా ఎలా ఉంటాను?

ఉదయం ఆరున్నరకు, మావాడు ఉండే కార్మికుల క్యాంపు బర్వా అల్ బరాహా దగ్గర షేర్ కారెక్కాం. మనిషికి ఇరవై రియాళ్లు. మదీనత్ అల్ షమాల్‌లో చాయ్ తాగే విరామంతో కలిపి, ఆట జరిగే రువైస్ రేవుకు రెండు గంటలు. దారి పొడవునా ఇసుకే కాబట్టి గంగాధర్ అట్టముక్క మీద గళ్లు గీసి, శనగలు, బఠానీలు పేర్చి ఆట చెప్పాడు. మధ్యగడిలో రాజు, చుట్టూ పన్నెండు కాపలా కాయలు. అంచుల్లో ఇరవై నాలుగు దాడి కాయలు, మొదటి ఎత్తు వాళ్లదే. చదరంగంలో ఏనుగులా అన్నీ తిన్నగానే నడుస్తాయి. రాజు ఏ మూలకు చేరినా గెలిచినట్టే. నాలుగు పక్కలా మూస్తే ఓడినట్టే. నేను అలవాటు కొద్దీ బఠానీ మీదుగా శనగను దూకించాను.

"దుంకుడు లేదు బాపూ. గిది పులి మేక కాదు. రెండు దిక్కుల నుంచి ఇరికిస్తెనే కాయ చస్తది."

డ్రైవర్ శంకర్‌ది నిర్మల్. "కాకా, ఊళ్లె పులిని పట్టనోడు గీడ రాజును పడతడా?" అన్నాడు.

"నువ్వు రోడ్డు చూడు బిడ్డా," అన్నాను.

మావాడు ఎప్పుడూ దాడి వైపే ఆడతాడట. దొరికిన కాయనల్లా చంపుకుంటూ పోతాడట.

"మేకలు ఎవన్నన్న చంపుతయారా?" అని అడిగాను.

"చంపయి."

"మరి గెల్వవా?"

వాడు అట్ట మీద శనగలు, బఠానీలు మళ్లీ మొదటి నుంచి పేర్చాడు.

రేవు పక్క రేకుల షెడ్డులో ఆట మొదలైంది. చూసేవాళ్లు నోరు విప్పకూడదన్నది అక్కడి నియమం. గంగాధర్ ఒక్క కాయనూ చంపకుండా, ప్రతి మూలకూ ఏటవాలుగా మూడేసి కాయలు నిలబెట్టాడు. వాటి వెనక గళ్లలోకి ఎవరూ చేరలేరు కాబట్టి అలా నిలిచిన మూడింటినీ చంపలేరు. అప్పుడు యెన్స్ గారు ఒక కాపలా కాయను ఎరగా పెట్టారు. దాన్ని చంపాలంటే మూలలోని కాయను కదపాలి. కదిపితే రాజుకు దారి. వాడి చెయ్యి అటే వెళ్లింది. నేను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. చెయ్యి గాలిలోనే ఆగి, వెనక్కి వచ్చి, వేరే కాయను రాజు పక్కకు జరిపింది. మరో పది ఎత్తుల్లో రాజుకు నాలుగు పక్కలా దారి మూసుకుంది.

"ఖలాస్," అంటూ యెన్స్ గారు బోర్డు వాడి ముందుకు నెట్టి, ఎవరు నేర్పారని హిందీలో అడిగారు.

గంగాధర్ నన్ను చూపించాడు. "మా బాపు సార్. ఆయన పొద్దున కారులోనే నేర్చుకున్నాడు."

అయిదో తరగతి చదివిన నేను వాడికి లెక్కలు చెప్పలేదు, ఇంగ్లీషు చెప్పలేదు. ఇంజనీర్ల నడుమ తిరిగే కొడుక్కి నా దగ్గర తీసుకోదగ్గది ఇంకేమీ లేదనే అనుకునేవాణ్ణి. ఆ రోజు నాకు నేల మీద కాలు నిలవలేదు. ఈ ఆట మొదలుపెట్టేవారికి ఒక్క మాట: ముందు మూలలు మూయండి; చంపడానికి చెయ్యి చాచేముందు, కదిపే కాయ వెనక ఏ దారి తెరుచుకుంటుందో చూసుకోండి.