ఒక్కరే తోడు

మా ఆడబిడ్డకు నా మీద ప్రేమ ఏడాదంతా ఉంటుంది గానీ, సిటీ అవతల ఉన్న ఆటల పార్కుకు వెళ్లిన రోజు మరీ పొంగుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడింది. కర్ర పట్టుకుని నడుస్తాను. నాలాంటివాళ్లకు ఆ పార్కులో ప్రతి ఆట దగ్గరా పక్క గేటు ఉంది. నా వెంట వచ్చినవాళ్లంతా లైన్లో నిలబడకుండా అందులోంచే వెళ్లిపోయేవాళ్లు. ఆ గేటు దగ్గర మాత్రం మా ఆయన నా భుజం, ఆడబిడ్డ నా చెయ్యి వదిలేవాళ్లు కాదు. అత్తమ్మ బెంచీ మీద సంచులు కాస్తూ కూర్చునేది.

మొన్నటి వేసవిలో మేం తాండూరులో రైలెక్కాం. ఆడబిడ్డ వికారాబాద్‌లో ఎక్కీ ఎక్కగానే నా కర్ర అందుకుంది. "జర పైలం వదినా, నేనున్న గద" అంది.

జెయింట్ వీల్ దగ్గర కౌంటర్లోని అమ్మాయి మా గుంపును చూసి, "రూల్ మారింది మేడమ్. మీ వెంట తోడు ఒక్కరే. లైన్ ఎంతసేపుంటే మీరు గూడ అంతసేపు ఆగాలె. నిలబడుడు అక్కర్లే, నీడల కూసోండి. టైం రాసిస్త, ఆ టైముకు వస్తే చాలు" అంది.

"మొగుణ్ణి, నేను పోత" అన్నాడు మా ఆయన.

"నువ్వు పట్టుకుంటే వదిన పడతది. నేనే పోత" అంది ఆడబిడ్డ.

నా కాలి గురించి వాళ్లిద్దరూ అంత ఫికర్ పడటం నేనెప్పుడూ చూడలేదు. చివరికి, "అత్తమ్మను తీస్కపోత" అన్నాను.

అత్తమ్మ సంచులు కొడుకు చేతిలో పెట్టింది. "మీరిద్దరు లైన్ల నిలబడుండ్రి. కాళ్లు మంచిగనే ఉన్నయి గద!"

మేమిద్దరం నీడలో కూర్చుని మురుకులు తిన్నాం. నిజం చెప్పాలంటే నాకది నచ్చింది. ఇదివరకు మేమంతా ముందుకు దూసుకుపోతుంటే లైన్లోని జనం నా కాలి వంక, తర్వాత మా ఆయన కాళ్ల వంక చూసేవాళ్లు. నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు అందరితో పాటే నా వంతూ వచ్చింది.

ఎక్కించే అతను "తోడు ఎవరు?" అని అడిగాడు.

"నేనే. గని నన్నెవరు పట్టుకుంటరు బిడ్డా?" అంది అత్తమ్మ.

పైకి లేవగానే ఆమె కళ్లు మూసుకుని నా చెయ్యి నలిపేసింది. బాగా ఎత్తుకు చేరాక ఒక కన్ను తెరిచింది. తగువాడుకుని ఆలస్యంగా లైన్లో చేరిన కొడుకూ కూతురూ ఎండలో కనిపించారు. ఆమె రెండో కన్ను కూడా తెరిచి, వాళ్లకు చెయ్యి ఊపింది.

దిగాక నేరుగా కౌంటర్ దగ్గరికి నడిచింది. "బిడ్డా, మాకు ఇంకో టైం ఇయ్యి. ఈపారి గా నీళ్ల పడవకు."